మూడవ ఆటగాడు

సన్నాయి మేళంలో రాగం పలికించే విద్వాంసుడిని అందరూ చూస్తారు. డోలు వాయించేవాని చేతి వేగాన్ని మెచ్చుకొంటారు. ఆ పక్కనే కూర్చొని, ఒకే స్వరాన్ని తెగనీయకుండా ఊదుతూ శ్రుతి పట్టేవాని పేరు మాత్రం ఎవరూ అడగరు. కాని అతడు ఒక్క క్షణం ఆగితే మేళమంతా వెలితిగా వినబడుతుంది. ఆటలలో కూడా ఇటువంటివారు ఉంటారు. ఈసారి మనం చెప్పుకోబోయేది అటువంటి ఒక క్రీడాకారుని గురించి. పేరు హర్మీత్ దేశాయ్. ఊరు సూరత్. ఆట టేబుల్ టెన్నిస్.

సూరత్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. తాపీ నది ఒడ్డున ఉన్న ఆ నగరానికి తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు ఎన్నో మగ్గాల పని వెతుక్కొంటూ వెళ్లి, అక్కడే స్థిరపడినాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతూ వచ్చింది. బట్టలకూ, జరీకీ, వజ్రాలకూ ఆ ఊరు ప్రసిద్ధి. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అత్యధిక భాగం సూరత్ పనివారి చేతుల మీదుగానే పోతుంది. ఉంగరం పెట్టుకొన్నవారికి దానిని అమ్మిన దుకాణం పేరు తెలుస్తుంది గాని, రాయికి సానపట్టినవాని పేరు తెలియదు. హర్మీత్ క్రీడాజీవితం కూడా చాలాకాలం అలాగే సాగింది.

అతడు 1993 జూలై 20న జన్మించాడు. జాతీయ జట్టులో అడుగుపెట్టేనాటికి భారత టేబుల్ టెన్నిస్‌లో ఆచంట శరత్ కమల్ యుగం నడుస్తున్నది. ఇంటిపేరు వినగానే తెలుగు మూలాలు తెలిసిపోయే ఈ చెన్నై ఆటగాడు 2006లోనే మెల్బోర్న్ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ స్వర్ణం గెలిచినవాడు. పది పర్యాయాలు జాతీయ సింగిల్స్ విజేతగా నిలిచినవాడు. ఆ తరువాత అదే చెన్నై నుంచి జి. సత్యన్ దూసుకొని వచ్చాడు. ఒకరు మర్రిమాను, మరొకరు మెరుపుతీగ. పత్రికలలో ఫోటోలు వారివి, అభిమానుల నాలుకపై పేర్లు వారివి. వారి తరువాతి స్థానం హర్మీత్‌ది.

ఈ 'తరువాతి స్థానం' ఎటువంటిదో తెలియాలంటే జట్టుపోటీ నియమం కొంత తెలియాలి. జట్ల మధ్య పోరులో మొత్తం ఐదు ఆటలు. అందులో మూడు ముందుగా గెలిచిన జట్టుదే విజయం. కామన్వెల్త్ క్రీడల పద్ధతిలో ఈ ఐదింటిలో ఒకటి డబుల్స్, నాలుగు సింగిల్స్. ఒక్కడు ఎంత గొప్పవాడైనా తన వంతు ఆటలే ఆడగలడు గాని, జట్టును ఒంటిచేతితో ఒడ్డు చేర్చలేడు. కాబట్టి ప్రత్యర్థులు మొదటి ఇద్దరిని తప్పించుకొని, బలహీనమైన చోటు కోసం వెతుకుతారు. ఆ చోటు సాధారణంగా మూడవ ఆటగాడే. గోడలో మూడవ రాయి గట్టిగా ఉన్నదో లేదో చూసిన తరువాతనే శత్రువు గోడ ఎక్కడం మొదలుపెడతాడు.

ఇక డబుల్స్ సంగతి. సింగిల్స్‌లో వచ్చిన ప్రతి బంతినీ తానే కొట్టవచ్చు. డబుల్స్‌లో అలా కుదరదు. జంటలోని ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు, వంతు తప్పకుండా బంతిని కొట్టి తీరాలి. బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, బంతి బరువు 2.7 గ్రాములు. అంత చిన్న చోట, అంత తేలికైన బంతి అటూ ఇటూ మెరిసిపోతుండగా, కొట్టిన మరుక్షణం పక్కకు తొలగి మిత్రునికి దారి ఇవ్వాలి. తొలగడం ఆలస్యమైతే ఇద్దరూ ఢీకొంటారు. మరీ దూరం తొలగితే మళ్లీ తన వంతుకు అందుకోలేడు. కొట్టడంలోని నేర్పుతో సమానంగా తొలగడంలోని నేర్పు కావలసిన ఆట అది. హర్మీత్ తొలి గొప్ప విజయాలు ఈ విద్యలో వచ్చినవే.

2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగినాయి. పురుషుల జట్టు ఫైనల్‌లో భారతదేశం నైజీరియాను 3-0తో ఓడించింది. మొదటి రెండు విజయాలు శరత్, సత్యన్ సింగిల్స్‌లో తెచ్చినవి. మూడవది, అంటే స్వర్ణాన్ని ఖాయం చేసినది, సత్యన్‌తో కలసి హర్మీత్ ఆడిన డబుల్స్. అదే క్రీడలలో సనిల్ శెట్టితో జతకట్టి డబుల్స్ కాంస్యం కూడా అందుకొన్నాడు. నాలుగు నెలల తరువాత జకార్తాలో ఆసియా క్రీడలు. 1958లో టేబుల్ టెన్నిస్ ఆసియా క్రీడలలో చేరినది మొదలు అరవై సంవత్సరాలపాటు మనకు ఒక్క పతకం లేదు. ఆ ఏట మన పురుషుల జట్టు క్వార్టర్ ఫైనల్‌లో జపానును ఓడించి, తొలి కాంస్యాన్ని ఇంటికి తెచ్చింది. ఆ జట్టులోనూ హర్మీత్ ఉన్నాడు.

'జట్టులో ఉన్నాడు' అనే మాటతోనే ఒక క్రీడాజీవితం ముగిసిపోవచ్చు. అందులో తప్పు లేదు, అవమానమూ లేదు. కాని 2019 జూలైలో కటక్ నగరంలో జరిగిన కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో అతనికి ఎదురుగా నిలిచినవాడు సత్యనే. నిన్నటివరకు భుజం భుజం కలిపి ఆడిన మిత్రుడు. తన బలాలనూ బలహీనతలనూ అరచేతిలోని గీతలవలె ఎరిగినవాడు. మొదటి రెండు గేములూ హర్మీత్ చేజారినాయి. అక్కడినుంచి పుంజుకొని, 4-3తో ఫైనల్‌ను గెలుచుకొన్నాడు. ఆ సంవత్సరమే అతనికి అర్జున పురస్కారం లభించింది. నవంబరులో ఇండోనేషియాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో కూడా సింగిల్స్ టైటిల్ అతనికే దక్కింది.

ఇక తరువాతి మెట్టు ఒలింపిక్స్ అని అందరూ అనుకొన్నారు. 2020 జనవరిలో పోర్చుగల్‌లోని గొండొమార్ పట్టణంలో టోక్యో ఒలింపిక్స్ కోసం జట్ల అర్హత పోటీలు జరిగినాయి. అక్కడ మన పురుషుల జట్టు స్లొవేనియా చేతిలో ఓడింది. మిగిలిన రెండవ అవకాశం కూడా నిలవలేదు. జట్టుకు తలుపు మూసుకొన్నది. అటుపిమ్మట సింగిల్స్ అర్హత దక్కినది శరత్‌కూ, సత్యన్‌కూ మాత్రమే. మూడవ ఆటగాని దుస్థితి ఇదే. జట్టు వెళితే తానూ వెళతాడు. జట్టు ఆగిపోతే, ముందున్న ఇద్దరూ వెళ్లగా తాను గట్టుమీద నిలబడిపోతాడు.

గొండొమార్ నుంచి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే హైదరాబాదులో జాతీయ ఛాంపియన్‌షిప్. హైదరాబాదు ఈ ఆటకు పాత చుట్టమే. జాతీయ విజేత మీర్ ఖాసిం అలీ ఆ ఊరివాడు. తరువాతి రోజులలో జాతీయ విజేత అయిన ఆకుల శ్రీజ ఆ ఊరి ఆడపడుచు. అటువంటి ఊరిలో ఫైనల్‌కు చేరిన ఇద్దరూ సూరత్‌వారే కావడం విశేషం. హర్మీత్‌కు ఎదురుగా నిలిచినవాడు మానవ్ ఠక్కర్. 2000లో పుట్టినవాడు, అంటే దాదాపు ఏడేళ్లు చిన్నవాడు. ఆ జనవరిలోనే 21 ఏళ్లలోపువారి ప్రపంచ ర్యాంకులలో మొదటి స్థానానికి ఎక్కినవాడు.

ఆ బల్లకు ఇటువైపు నిలబడినవాని స్థితిని కొంచెం ఊహించండి. ముందు చూస్తే, తనకన్నా పెద్దవారు ఇంకా దారి ఇవ్వలేదు. వెనుక చూస్తే, తన ఊరి కుర్రవాడే తనను దాటిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒలింపిక్ జట్టు ఆశ అప్పుడే కూలిపోయింది. ఇటువంటి సంధిలో ఎందరో ప్రతిభావంతులు మెల్లగా తెరమరుగు అవుతారు. హర్మీత్ ఆ ఫైనల్ గెలిచాడు. 26 ఏళ్ల వయస్సులో అది అతని తొలి జాతీయ సింగిల్స్ టైటిల్.

అతని ఆటలోని సారమంతా ఒక్క సాయంత్రంలో చూడాలనుకొనేవారు 2022 ఆగస్టు 2వ తేదీన బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ జట్టు ఫైనల్‌ను చూడవలసి ఉంటుంది. ప్రత్యర్థి సింగపూర్. మొదటి ఆట డబుల్స్. హర్మీత్, సత్యన్ వరుసగా మూడు గేములు గెలిచి భారత్‌కు ఆధిక్యం ఇచ్చారు. రెండవ ఆటలో అనుకోనిది జరిగింది. క్లారెన్స్ చ్యూ అనే సింగపూర్ ఆటగాడు మహావృక్షంవంటి శరత్ కమల్‌ను ఓడించాడు. లెక్క సమమైంది. మూడవ ఆటలో సత్యన్ గెలిచి 2-1 చేశాడు. నాలుగవ ఆటకు ఎదురుగా వచ్చినవాడు మళ్లీ ఆ చ్యూయే. శరత్ ఓడిన చోట ఇప్పుడు నిలవవలసినవాడు మూడవ ఆటగాడు.

గోడలో మూడవ రాయికి పరీక్ష అంటే ఇదే. 11-8, 11-5, 11-6. హర్మీత్ ఒక్క గేమ్ కూడా వదలలేదు. పోరును ప్రారంభించినవాడూ అతడే, ముగించినవాడూ అతడే. గోల్డ్ కోస్ట్‌లో గెలిచిన స్వర్ణం భారత్ చేతిలోనే నిలిచింది. ఆ క్రీడలలోనే 40 ఏళ్ల శరత్ కమల్ సింగిల్స్ స్వర్ణాన్నీ, శ్రీజతో కలసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణాన్నీ గెలిచాడు. లోకం ఆ ముచ్చటే చెప్పుకొన్నది, చెప్పుకోవలసినదే. కాని ఆ ఆగస్టు 2 రాత్రి జట్టు మెడలో పతకం పడడానికి శ్రుతి పట్టినది ఎవరో మరచిపోరాదు.

మరుసటి నెలలోనే జాతీయ క్రీడల టేబుల్ టెన్నిస్ పోటీలు సూరత్‌లో జరిగినాయి. సొంత ఊరిలో, సొంతవారి ముందు హర్మీత్ సింగిల్స్ స్వర్ణం అందుకొన్నాడు. గుజరాత్ పురుషుల జట్టుకూ స్వర్ణమే దక్కింది.

ఒలింపిక్స్ మాట మిగిలింది. 2024లో మన పురుషుల, మహిళల జట్లు రెండూ ర్యాంకుల బలంమీద మొట్టమొదటిసారిగా ఒలింపిక్ జట్టు పోటీకి అర్హత పొందినాయి. పురుషుల జట్టులో శరత్, హర్మీత్, మానవ్. సత్యన్ ఈసారి అదనపు ఆటగాడు. కాలచక్రం ఎలా తిరుగుతుందో చూడండి. సింగిల్స్‌లోనూ ఆడే అవకాశం దక్కించుకొన్న హర్మీత్ ప్యారిస్‌లో బరిలోకి దిగడానికి వారం ముందే 31వ ఏడు నిండింది. తొలి ఆటలో జోర్డాన్ క్రీడాకారుని 4-0తో ఓడించాడు. తరువాతి ఆటలో ఎదురైనవాడు ఫ్రాన్సుకు చెందిన ఫెలిక్స్ లెబ్రున్. వయస్సు 17, చుట్టూ ఉన్న జనమంతా అతనివైపే. హర్మీత్ 0-4తో ఓడిపోయాడు. ఆ కుర్రవాడే అక్కడ సింగిల్స్ కాంస్యం గెలిచాడు. జట్టు పోటీలో మనకు మొదటనే చైనా ఎదురైంది, ఓటమి తప్పలేదు.

పదకొండేసి పాయింట్ల నాలుగు గేములు; చూస్తూ చూస్తుండగానే ముగిసినాయి. అందుకోసమేనా ఇన్నేళ్ల తపస్సు అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు ప్యారిస్‌లో లేదని నా అభిప్రాయం. అది సూరత్‌లో ఉన్నది. 2025 జనవరిలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆ ఊరిలోనే జరిగింది. పురుషుల సింగిల్స్ విజేత మానవ్ ఠక్కర్. అయిదేళ్ల క్రితం హైదరాబాదు ఫైనల్‌లో హర్మీత్ ఆపిన ఆ కుర్రవాడే. అదే సంవత్సరం మార్చిలో శరత్ కమల్ చెన్నైలో తన చివరి అంతర్జాతీయ పోటీ ఆడి బల్ల ముందునుంచి తప్పుకొన్నాడు. ఒక తరం నుంచి మరొక తరానికి ఆట చేతులు మారింది. ఆ రెండు తరాల నడుమ, ఇటు పెద్దవారికి తోడుగానూ, అటు చిన్నవారికి కొలబద్దగానూ నిలిచినవాడు హర్మీత్.

కొలబద్ద అనే మాట తక్కువది కాదు. ఎదిగే కుర్రవానికి దూరంగా వెలిగే నక్షత్రంకన్న, ప్రతి ఏటా తన ఎదుట నిలబడి 'నన్ను గెలిచి చూడు' అనే ఒక గట్టి ఆటగాడు ఎక్కువ మేలు చేస్తాడు. ఓడితే ఎందుకు ఓడినదీ తెలుస్తుంది. గెలిస్తే ఎంత ఎదిగినదీ తెలుస్తుంది.

మన ఇళ్లలోనూ, కార్యాలయాలలోనూ, బడులలోనూ మూడవ స్థానంలో నిలబడినవారు ఎందరో ఉన్నారు. వారి ముందు పెద్దలు, వెనుక చురుకైన చిన్నవారు. డబుల్స్ ఆటగానివలె కొట్టవలసిన వేళ కొట్టి, తొలగవలసిన వేళ తొలగడం వారికి అలవాటైన విద్య. అయితే శరత్ ఓడిన బల్ల ముందుకు వెళ్లి నిలబడవలసిన రాత్రి వారి జీవితంలో కూడా ఒకటి వస్తుంది. ముందుగా చెప్పి రాదు. ఆ రాత్రికి చేతిలో ఆట సిద్ధంగా ఉండాలంటే, ఎవరూ పేరు అడగని రోజులలో కూడా శ్రుతి తప్పకుండా ఊదుతూ ఉండవలసినదే.