పాత ట్రాక్టరునకు సింథటిక్ నూనె పోయవలెనా?

ఈ మధ్య సంఘసభ్యులలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న యడుగుచున్నారు. పది పదునైదేండ్లు దున్నిన ట్రాక్టరునకు, లక్ష కిలోమీటర్లు దాటిన జీపునకు ఇప్పుడంగళ్లలో విశేషముగా నమ్ముచున్న సింథటిక్ నూనె పోసినచో ఇంజను తిరిగి పుంజుకొనునా, లేక సీళ్లు చెడి నూనె కారిపోవునా యని. అంగడివాడు మొదటి మాట చెప్పును. ఊరి మెకానిక్కు రెండవ మాట చెప్పును. ఇద్దరి మాటయు పూర్తిగా నిజము కాదని మా యభిప్రాయము.

మన పీఠభూమిలో నిది చిన్న సంగతి కాదు. సాలునకు సగటున యాభైయైదు సెంటీమీటర్లకు మించని వాన గల యీ అనంతపురము సీమలో జూన్, జులై నెలలందు ఒక మంచి పదను పడినను ఎర్రనేల దానిని కొలది దినములకు మించి నిలుపదు. ఆ దినములలో గొర్రు కట్టవలసిన ట్రాక్టరు బోరుకు వచ్చి షెడ్డులో పడియుండినచో వేరుసెనగ విత్తు అదను తప్పును. అద్దె ట్రాక్టరు దొరకునందురా, ఊరందరికిని ఆ వారమే కావలెను గదా! కావున నూనె సంగతి యోచించునపుడు డబ్బా వెలతోపాటు ఆ నాలుగు దినముల వెలయు లెక్కలోనికి తీసికొనవలెను.

సింథటిక్ అను పేరు విని యదియేదో మాయాద్రవ్యమని తలపవలదు. ముడి చమురును వడిపోసి, శుద్ధిచేసి, మైనము తీసివేయగా వచ్చునది సాధారణమగు మినరల్ నూనె. అందు చిన్నవి, పెద్దవి, నానావిధములగు అణువులు కలసియుండును. ఎథిలీను వాయువు మొదలగు వానినుండి ఒకే తీరు అణువులను కూర్చి చేసినది అసలైన సింథటిక్. అది అధిక వేడికి త్వరగా చిక్కబడదు, కడు చలిలోను పారును. ఇక ముడి చమురునే హైడ్రోజనుతో మిక్కిలి శుద్ధిచేసిన మూడవ తరగతి నూనె యొకటి గలదు. దానిని సింథటిక్ అని పిలువవచ్చునా యని మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీలు అమెరికాలో తగవుపడగా, అక్కడి ప్రకటనల విచారణసంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షముననే చెప్పినది. నాటినుండి డబ్బాపై ఆ మాట యున్నంత మాత్రమున లోపలి నూనె యేది యని తెలియుట లేదు.

ఇచ్చట నొక ముచ్చట. క్యాస్ట్రాల్ అను పేరే ఆముదమునుండి పుట్టినది. 1909లో వేక్‌ఫీల్డు కంపెనీ ఆముదము కలిపిన ఇంజను నూనెను ఆ పేర అమ్మినది. 1914 నాటి మహాయుద్ధములో విమానముల తిరుగుడు ఇంజనులు ఆముదముతోనే నడచినవి. అటుపిమ్మట జెట్ విమానములకు చేసిన సింథటిక్ నూనెలలో కొన్నిటికి ఆముదమునుండి తీయు సెబాసిక్ ఆమ్లమే ఆధారము. మన తాతలు బండి యిరుసునకు ఆముదము రాచుట తెలివితక్కువ పని కాదని దీనివలన తెలియుచున్నది. చేని గట్టున ఆముదపు చెట్లు వేయు రైతు సింథటిక్ పేరునకు జంకనక్కరలేదు.

ఇక సీళ్ల సంగతి. మొదటి దినములలో వచ్చిన కొన్ని సింథటిక్ నూనెలు రబ్బరు సీళ్లను కుదింపజేసిన మాట నిజము. ఇప్పటి నూనెలలో అందులకు తగిన మందులు కలుపుచున్నారు. బాగుగనున్న సీలును నేటి నూనె చెరుపదు. అయితే యేండ్లతరబడి గట్టిపడి, పగిలి, చుట్టును పేరిన మడ్డిచేతనే నిలిచియున్న సీలు సంగతి వేరు. క్రొత్త నూనెలోని శుద్ధిమందు ఆ మడ్డిని కడిగినచో దాగియున్న చిల్లి బయటపడును. అది నూనె చేసిన చెరుపు కాదు గాని, కారుటమాత్రము కారును. రైతునకు కావలసినది ఆ సంగతియే గదా.

“సింథటిక్ పలుచన” అనుటయు పొరపాటే. పలుచదనము నూనె జాతినిబట్టి కాక, డబ్బాపై నంకెనుబట్టి యుండును. 15డబ్ల్యు–40 అని వ్రాసియున్న నూనె సింథటిక్ అయినను, మినరల్ అయినను, నూరు డిగ్రీల వేడిలో దాని చిక్కదనము ఒకే హద్దులలో నుండవలెను. 5డబ్ల్యు–30 మాత్రము దానికంటె పలుచన. క్రొత్త కార్లకు చేసిన యా నూనెను అరిగిన రింగుల ట్రాక్టరులో పోసినవాడు నీలిపొగ చూచి సింథటిక్కును నిందించుట న్యాయము కాదు.

అయినను మా సలహా యేమన, మన మండలములలో నడచు పాత ట్రాక్టర్లలో హెచ్చువానికి సింథటిక్ అక్కరలేదు. దాని గొప్ప గుణములలో నొకటి గడ్డకట్టు చలిలో పారుట. మనకట్టి చలి లేదు. నూనె మార్పునకు మార్పునకు నడుమ మూడు నాలుగు లీటర్లు కలుపవలసివచ్చు ఇంజనులో రెండు మూడు రెట్లు వెలగల నూనె పోయుట డబ్బును పొగగొట్టమున వదలుటయే. అరిగిన లైనరును, విరిగిన రింగును ఏ నూనెయు తిరిగి పెంచలేదు.

మన ఇంజనులను చంపుచున్నది నూనె కాదు, దుమ్ము. వేసవి దుక్కిలో లేచు ఎర్రదుమ్ములో ఇసుకపొడి యుండును. అది గాలితో లోపలికి పోయి నూనెలో కలసి లైనరును సానపట్టినట్లు అరగదీయును. పాత ట్రాక్టర్లకు గాలి వడపోతగా నూనెగిన్నె యుండును. అడుగున మట్టి పేరిన గిన్నెలు, గీతకు దిగువకు ఇంకిన గిన్నెలు, చీలిన రబ్బరుగొట్టమునకు గుడ్డ చుట్టినవి మేము గ్రామములలో నెన్నియో చూచుచున్నాము. దుక్కి దినములలో గిన్నెను ప్రతిదినము విప్పి చూడవలెను. గీతకు మించియు పోయరాదు. ఆ నూనె లోపలికి లాగబడును. పది నిమిషముల పని. ఈ పని చేయక సింథటిక్ కొనుట, తూము మూయక చెరువునకు నీరు పెట్టుట వంటిది.

నూనె మార్పు 250 గంటలకని పలు ట్రాక్టర్ల పుస్తకములు చెప్పును. గంటల మీటరే చెడియున్నపుడు ఆ లెక్క యెట్లు తెలియును? గోడమీద బొగ్గుతోనైనను వ్రాసికొనవలెను. డీజిలు మాత్రము మేలుపడినది: 2010 నాటి ప్రమాణములో పది లక్షల పాళ్లకు 350 వరకు గంధకముండెడిది, 2020 ఏప్రిల్ నుండి 10 పాళ్లే. గంధకపు ఆమ్లము నూనెను చెరచుట తగ్గినది గాని, దుమ్ము తగ్గలేదు గనుక గడువు పొడిగింపవలదు. నూనె నల్లబడినంత మాత్రమున చెడినదనియు తలపవలదు. డీజిలు ఇంజనులో మసిని పట్టి యుంచుట దాని పనియే.

సింథటిక్ తగినవారు లేకపోలేదు. తిరుగుడు హెచ్చైనను నూనె త్రాగని ఇంజను, టర్బో గల బండి, ఎండలో బరువుతో నిత్యము తిరుగు సరకుల వాహనము—వీనికి వేడిని తాళు గుణము లాభకరము. అట్టివారు పుస్తకమున చెప్పిన అంకెనే కొనవలెను. మొదటి మార్పున ఫిల్టరును తప్పక మార్చి, రెండవ మార్పును కొంత ముందుగా చేయవలెను. మరల మినరల్‌కు మరలినను కీడు లేదు. దారిలో రెండును కలిపినను ఇంజను చెడదు.

మిగిలినవారికి సిఐ–4 అని వ్రాసిన 15డబ్ల్యు–40 మినరల్ నూనె చాలును. అది సిఎఫ్–4 వంటి పాత తరగతుల స్థానమున వాడదగినది. సంఘము 210 లీటర్ల పీపాను నేరుగా కంపెనీ డిపోనుండి తెప్పించి సభ్యులకు కొలిచి యిచ్చినచో, వెల తగ్గుటయే కాక, ఖాళీ డబ్బాలలో నింపి యమ్ము కల్తీ నూనె బెడదయు తప్పును. పనితనము నేర్వదలచిన యువకులను గార్లదిన్నెలో 1983 నుండి నడచుచున్న కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణసంస్థకు పంపవచ్చును.

తీసివేసిన నూనెను బావి గట్టున పారబోయుట మానవలెను. 2016 నియమముల ప్రకారమది అపాయకరమగు వ్యర్థము. దానిని డబ్బాలలో నిలువచేసినచో పీపా తెచ్చువారే యధికారము గల శుద్ధికర్తలకు చేర్చునట్లు కార్యవర్గమువారు కొనుగోలు ఒప్పందములోనే వ్రాయింపవలెను.