కరువు పేరుతో మూసేసిన ఫైళ్లు

అనంతపురం సీమలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే ఖాళీ అయిపోతుంది, ఈశాన్యం ఇంత లోపలికి వచ్చేసరికి చేవ చచ్చిపోతుంది. ఈ లెక్క ఇక్కడ బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే ఈ లెక్క చాటున ఎన్నో ఏళ్లుగా ఒక పొరపాటు జరిగిపోతోంది. మనిషి మనిషికి చేసిన అన్యాయాన్ని కూడా మనం మేఘం ఖాతాలో రాసేస్తున్నాం. శెనక్కాయ పంట ఎండినా కరువే, ఆడపిల్ల అమ్ముడుపోయినా కరువే. ఈ సీమ ఆడవాళ్ల గురించి రాసేవాళ్లు కవిత్వాన్ని వదలకుండానే నేర పరిశోధన నవలను కూడా చేతికి తీసుకోవాలని నేను అంటున్నది ఇందుకే.

కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లను పని ఇప్పిస్తామని తీసుకెళ్లి ఢిల్లీ, ముంబై, పుణే నగరాల్లో వ్యభిచార గృహాలకు అమ్మేసిన సంగతులు రెండు దశాబ్దాలకు పైగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. తీసుకెళ్లేవాళ్లు చాలాసార్లు ఎరిగినవాళ్లే, కొన్నిసార్లు బంధువులే. వాన పడకపోవడం ఆ కుటుంబాన్ని నిస్సహాయం చేసి ఉంటుంది. బేరం కుదిర్చిందీ, డబ్బు లెక్కపెట్టుకుందీ మాత్రం మనుషులే. రైతు ఆత్మహత్యల సంగతీ అంతే. 2004లో వచ్చిన 421 నంబరు జీవో చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. అలాంటి సాయం చేతికి రావాలంటే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు ఆ చావు నిజంగా వ్యవసాయం వల్ల వచ్చిందేనని తేల్చాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు పత్రాలు, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ చూడాలి. కౌలు రైతు పేరున పాసుపుస్తకం ఎక్కడిది? వడ్డీవ్యాపారి ఇచ్చిన అప్పుకు కాగితం ఎక్కడిది? భర్తను పోగొట్టుకున్న మనిషి ఆ చావు అసలైనదేనని నిరూపించుకుంటూ ఆఫీసుల ముందు నిలబడుతుంది. అప్పిచ్చినవాణ్ని పిలిచి కూర్చోబెట్టి అడిగేవాళ్లు లేరు. నేరనవలకు కావలసిన సాక్ష్యాలూ వాంగ్మూలాలూ తప్పిపోయిన కాగితాలూ అన్నీ ఆ ఫైలులో ఉన్నాయి. ప్రశ్నలు మాత్రం అడగాల్సిన మనిషిని వదిలేసి ఆమె మీదికి తిరిగాయి.

కవిత్వం ఈ నేలకు చేసింది తక్కువేమీ కాదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాయకపోతే ఈ ఎండిన ఏటికి తెలుగు సాహిత్యంలో గొంతు ఉండేది కాదు. 1990లో ‘గురిచూసి పాడే పాట’, 1993లో ‘నీలిమేఘాలు’ అనే స్త్రీవాద కవితా సంకలనాలు వచ్చాక వంటిల్లు, ప్రసవం, పడకగది కవితా వస్తువులు కావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా పోయింది. ఆ కవయిత్రులు బాధకు పేరు పెట్టారు. కానీ పల్లెలో మొదలై బస్టాండు, లాడ్జి, మహానగరం, మళ్లీ పోలీస్ స్టేషన్ దాకా సాగే గొలుసును చూపించాలంటే ఎవరు, ఎప్పుడు, ఎంతకు అనే వరస కావాలి. కవిత ఆ వరసను దాటేసి నేరుగా గాయం దగ్గరికి వెళ్తుంది. అది దాని బలం. గొలుసు పట్టుకుని వెనక్కి నడవడానికి ఇంకో రూపం కావాలి.

ఈ రెండు రూపాలూ ఒక్క చేతిలో ఇముడుతాయని చూపించినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియా కవయిత్రి డొరొతీ పోర్టర్ 1975 నుంచి కవితా సంపుటాలు వేసి, 1994లో ‘ది మంకీస్ మాస్క్’ అనే నేరనవలను పూర్తిగా కవితల్లోనే రాసింది. కవిత్వం రాసుకునే ఒక విద్యార్థిని హత్యకు గురవుతుంది. పరిశోధించేది ఒక మహిళా డిటెక్టివ్. చనిపోయిన అమ్మాయి రాసుకున్న కవితలే ఆధారాలవుతాయి, అనుమానం పేరున్న కవుల గుమ్మాల దాకా వెళ్తుంది. ఏజ్ పత్రిక ఆ ఏడాది కవిత్వానికి ఇచ్చే బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. 2008లో కన్నుమూయడానికి ముందు ఏడాది ‘ఎల్ డొరాడో’తో ఆమె మళ్లీ నేరకథ దగ్గరికే వచ్చింది. మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు. 1949లో రజాకార్ల దౌర్జన్యాల మీద ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలూ రాశారు. అందువల్ల ఆయన కవిత్వానికి వచ్చిన లోటేమీ లేదు. అయితే స్త్రీవాద కవిత్వం నుంచి బయల్దేరినవాళ్లు కథకూ విమర్శకూ వెళ్లినంతగా ఈ దారిన రాలేదు.

డిటెక్టివ్ నవల అద్దె పుస్తకాల సరుకని, అందులో ఆడది అయితే శవం, కాకపోతే మోసగత్తె అని అంటారు. చాలా పుస్తకాల విషయంలో అది నిజం. కానీ అది రాసినవాళ్ల చూపులోని లోపం. 1982లో రచయిత్రి సారా పారెట్‌స్కీ వి.ఐ. వార్షాస్కీ అనే మహిళా డిటెక్టివ్‌ను తెచ్చి, ఆమెను పెద్ద కంపెనీల మోసాల వెంట నడిపించింది. రూపం అదే, చూసే కళ్లు మారాయి. బాధితుల కష్టాన్ని కాలక్షేపం చేస్తారా అన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఒక మనిషిని గుర్తుపట్టేలా రాయడం రెండోసారి గాయపరచడమే. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని చట్టమే నేరమంటోంది. పేరూ ఊరూ మార్చి, నేరం జరిగిన తీరును మాత్రం ఉన్నదున్నట్టు చూపించే వీలు కల్పనకు ఉంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి. కరువు ఒక వ్యవస్థ చేసిన పని, నేరనవల ఒక దోషిని పట్టిచ్చి ముగిసిపోతుంది, వ్యవస్థ తప్పించుకుంటుంది అంటారు. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. బ్రోకరు ఒక్కడే జైలుకెళ్లి కథ కంచికి చేరితే ఆ నవల అబద్ధమే అవుతుంది. ఐతే వ్యవస్థ అన్న మాట కూడా కరువు అన్న మాటలాగే అందరినీ ఒకేసారి వదిలేయగలదు. బోరు బావుల అప్పు ఎవరిచ్చారు, ఫిర్యాదు రాసుకోకుండా తిప్పి పంపింది ఎవరు, తిరిగొచ్చిన అమ్మాయిని ఊళ్లోకి రానివ్వనిది ఎవరు అని ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పోతే కనిపించేదే వ్యవస్థ. చివర అరెస్టు ఉండాలన్న నియమం ఏమీ లేదు. విచారణ జరగాలి, అంతే.

అనంతపురంలో, హిందూపురంలో, ధర్మవరంలో ఇప్పుడు కవితలు రాస్తున్న అమ్మాయిలను నేను అడిగేది ఇదే. మీ దగ్గర భాష ఉంది, కోపం ఉంది, ఆ పల్లెల పరిచయం ఉంది. కదిరి స్టేషన్లో రైలెక్కిన ఆ పిల్లకు టికెట్ కొన్నది ఎవరో రాయండి.