వాడలోని బడి

బడిలో నేమి బోధింపవలెనను ప్రశ్న యెంత ముఖ్యమో, బడి యెక్కడ నుండవలెనను ప్రశ్నయు నంత ముఖ్యము. ఆరేండ్ల పసిబిడ్డ తన కాళ్లతో నడచి చేరగల చోటనే బడి యుండవలెను. ఇది క్రొత్తమాట కాదు. 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ సంఘమువారు, కలవారి బిడ్డలును లేనివారి బిడ్డలును తమ యిరుగుపొరుగున నున్న యొకే బడిలో చదువవలెనని సలహా యిచ్చిరి. 2010 ఏప్రిలు 1వ తేదీన అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము అట్టి బడిని నెలకొల్పుట ప్రభుత్వముల విధిగా జేసినది. అయిదవ తరగతి వరకు చదువు బిడ్డలకు ఒక కిలోమీటరులోపల బడి యుండవలెనని కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి.

ఇట్లుండగా 2022లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 117వ నంబరు ఉత్తరువు ననుసరించి, పెక్కు ప్రాథమిక పాఠశాలలనుండి మూడు, నాలుగు, అయిదు తరగతులను విడదీసి ఉన్నత పాఠశాలలలో గలిపిరి. ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క యుపాధ్యాయుడు లభించునని వారి వాదము. ఈ వాదము నిస్సారము కాదు. ఒక్క యుపాధ్యాయుడు అయిదు తరగతులను మోయుట కాపలాయే గాని బోధనము కాదు. అయినను, ఉపాధ్యాయులను బిడ్డలకడకు బంపుటకు మారుగా బిడ్డలనే దూరము నడిపించుట న్యాయమా? తల్లిదండ్రులు పెక్కుచోట్ల నిరసనము దెలిపిరి. 2025లో ఆ యుత్తరువు రద్దయ్యెను. కాని బిడ్డలు తగ్గినచో బడి యేమగునో యను భయము పల్లెలను వీడలేదు.

బడి దూరమైనచో నష్టపడువా రెవరు? తెల్లవారక మున్నే కూలికి బోవు తల్లి బిడ్డను దింపి రాలేదు. తమ్ముని తోడ్కొని పోవుటకో, ఇంట గాచుటకో ఆడుబిడ్డ చదువు మానును. బడి నడతను విచారించు యాజమాన్య సంఘమున నూటికి డెబ్బదియైదుగురు తల్లిదండ్రులును, సభ్యులలో సగముమంది స్త్రీలును ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఒక పూట కూలి వదలుకొని దూరపు బడికి బోయి సంజాయిషీ యడుగగల తల్లు లెందరు? దగ్గరి బడిని అడుగువా రుందురు. దూరపు బడిని అడుగువారు లేరు.

ప్రభుత్వము నొక్కదానినే నిందించి మనము చేతులు దులుపుకొనరాదు. పట్టణవాసులమైన మనము మన బిడ్డలను బస్సులెక్కించి దూరపు బడులకు బంపి, వాడలోని బడిని నిరుపేదలకు విడిచితిమి. పలుకుబడి గలవారి బిడ్డలు లేని బడికి పలుకు లేదు. అచ్చట కప్పు కారినను, ఉపాధ్యాయుని స్థానము ఖాళీగా నున్నను విచారించువారు లేరు. ఉపాధ్యాయుడు లేడని బిడ్డలు మానుదురు. బిడ్డలు లేరని ఉపాధ్యాయుని దీసివేయుదురు. ఈ విషవలయమును ద్రెంపవలసినవారము మనమే.

కాన పాఠకమహాశయులారా, మీ యింటికి సమీపమున నున్న బడి యెద్దియో, అందెంద రుపాధ్యాయులున్నారో నేడే పోయి చూడుడు. మీ బిడ్డ యచ్చట చదువకున్నను ఆ బడి మీదియే. తగినంతమంది యుపాధ్యాయులు గావలెనని యడుగుడు. సాధ్యమైనచో మీ బిడ్డనే యందు జేర్పుడు. మూతపడిన బడిని మరల దెరపించుటకంటె, ఉన్న బడిని నిలుపుకొనుట సులభము.