పార్వతీశం దాచుకోని సంగతి

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వెలువడింది. ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన మొగల్తూరు కుర్రవాడు ఎడిన్‌బరో చేరేదాకా పడిన తికమకలన్నీ తన నోటితో తానే చెప్పుకుంటాడు. నూరేళ్ళుగా పాఠకులు నవ్వుతూనే ఉన్నారు.

నేడు కెనడాకు చదువుకు వచ్చే తెలుగు విద్యార్థి అందరికీ చెప్పే బయల్దేరుతాడు. వచ్చాక ఏదీ చెప్పడు. ఫీజు కాక, ఏడాది పోషణకు చూపించవలసిన సొమ్ము 2024 జనవరిలో 10,000 డాలర్ల నుంచి 20,635కు పెరిగింది. చాలా ఇళ్ళలో అది అప్పు. తరగతులు జరిగే రోజుల్లో బయట పని వారానికి 24 గంటలే. రాత్రంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, పొద్దున క్లాసులో కునికిపాట్లు పడినవాడు, "తిన్నావా నాన్నా?" అని అమ్మ అడిగితే "తిన్నానమ్మా" అంటాడు. ఒక కోర్సు తప్పిన మాట మాత్రం గొంతు దాటదు.

విశ్వవిద్యాలయాల్లో కౌన్సిలర్లున్నారు. పిచ్చివాళ్ళు వెళ్ళే చోటన్న అపోహ కొంత, వీసాకు చేటేమోనన్న భయం కొంత, ఆ తలుపు తట్టనివ్వవు. నిద్ర పట్టనితనం కడుపునొప్పి పేరు పెట్టుకొని డాక్టరు దగ్గరికి వస్తుంది. తప్పితే తప్పావు, ముందు మాకే చెప్పు అన్న మాట తల్లిదండ్రులు ఆవకాయ సీసాలు సర్దేనాడే చెప్పి పంపితే బాగుండును.