పీల్చే గాలికీ పూచీ కావాలి

ఉగాండా రాజధాని కంపాలాలో రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని ఉండే పేట కబలగల. అక్కడి బారుకు వచ్చినవాడు ఏ రెండు గంటలో కూర్చుని వెళ్లిపోతాడు. గ్లాసులు అందించే అమ్మాయి మాత్రం డ్యూటీ దిగేదాకా ఆ పొగలోనే తిరగాలి. హుక్కా మీద బొగ్గు కణిక ఆరితే పటకారుతో కొత్తది పెట్టేదీ ఆమే. ఆ కణిక వదిలే కార్బన్ మోనాక్సైడ్ ముందు ఆమె ముఖానికే కొడుతుంది. పక్కవారి పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా ప్రాణాలు కోల్పోతున్నారు.

ఉగాండాలో చట్టానికి లోటు లేదు. 2015లో చేసిన పొగాకు నియంత్రణ చట్టం 2016 మేలో అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలాల్లోనే కాదు, వాటికి 50 మీటర్ల లోపు కూడా పొగ తాగకూడదు. హుక్కాకైతే అసలే అనుమతి లేదు. సిగరెట్ కంపెనీ కోర్టుకెక్కినా 2019లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. ఇంత గెలిచీ చిక్కంతా అమలు దగ్గరే. పోలీసులు వచ్చిన రాత్రి హుక్కాలు గదిలోకి పోతాయి, హడావుడి తగ్గాక మళ్లీ బల్లలెక్కుతాయి.

కెన్యాలోనూ ఇలాంటి చట్టం 2008లో అమల్లోకి వచ్చింది. నిషిద్ధ స్థలంలో పొగ తాగితే 50 వేల షిల్లింగుల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. రోజుకూలీకి అది కట్టలేని సొమ్ము. అటువంటి చోట రసీదు కన్నా ముందు బేరం మొదలవుతుంది. వీధిలో సిగరెట్ వెలిగించినవాడిని పట్టుకోవడం తేలిక, తలుపులు మూసిన బారు యజమానిని నిలదీయడం కష్టం. తేలికైన పనితోనే సరిపెట్టుకుంటే చట్టం పేదవాడి మీదే పడుతుంది.

పొగ ఆపే పూచీ యజమానిదీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం కింద 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. విడిగా గది కట్టినా, గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టినా రక్షణ చాలదనీ అవే తేల్చాయి. మన దేశంలోనూ 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ధూమపానంపై నిషేధం ఉంది. అయినా పెద్ద హోటళ్లకూ విమానాశ్రయాలకూ పొగ గదుల వెసులుబాటు మిగిలే ఉంది.

గిరాకీ పోతుందని బార్లవాళ్లు భయపడతారు. ఒక్క బారులో ఆపి పక్క బారును వదిలేస్తే ఆ భయం నిజమే అవుతుంది, చట్టాన్ని గౌరవించినవాడే నష్టపోతాడు. అందరికీ ఒకే నియమం ఉంటే గిరాకీ ఎక్కడికి పోతుంది? లైసెన్సు పొడిగించే ముందు నగర అధికారులు చెప్పకుండా వెళ్లి చూడాలి. పొగ గురించి ఫిర్యాదు చేసిన పనివారి ఉద్యోగం పోకుండా చట్టం కాపాడాలి. కూటికోసం రాత్రంతా నిలబడే మనిషి ఊపిరితిత్తులను పణంగా పెట్టే పరిస్థితి ఏ నగరంలోనూ ఉండకూడదు.