భాంజే, ఆ బాటిల్ పెట్టే ముందు విను

మొన్న ఆపాను చూడ్డానికి అలియాబాద్ వెళ్లాను. దస్తర్‌ఖాన్ మీద నాష్తా ఉండగానే భాంజా ఫోన్ తెచ్చి చూపించాడు. ఒక సిలిండర్, పైపులు, ఒక స్విచ్చి. "మామూ, నైట్రస్ కిట్. సేఫ్‌గానే ఫిట్ చేయిస్తా. అమ్మీని మీరే మనాయించాలి" అన్నాడు. ఆపా నా మొహం వైపే చూస్తోంది. అప్పుడు ఏమీ అనలేకపోయాను. నా జవాబు ఇది.

పిల్లల షౌక్‌ను నేను మజాక్ చేయను. ముందు ఆ చీజ్ ఏమిటో మనకూ తెలియాలి. నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. ఇంజిన్‌లో దాదాపు 300 డిగ్రీల వేడికి నైట్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆక్సిజన్ పెరిగితే పెట్రోల్ కూడా ఎక్కువ కాల్చవచ్చు. తాకత్ అక్కడిదే. ఆ హిసాబ్‌లో పెట్రోల్ అందకపోతే పిస్టన్ కరిగిపోతుంది.

కాబట్టి సేఫ్ అంటే చిన్న జెట్‌తో మొదలుపెట్టాలి. ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆర్‌పీఎం లేచాకే గ్యాస్ తెరుచుకోవాలి. పెట్రోల్ ప్రెషర్ పడితే దానంతటదే ఆగిపోవాలి.

ఇక సిలిండర్. కారు టైరులో 32 పీఎస్ఐ ఉంటే ఇందులో 900 దాకా ఉంటుంది. 36.4 డిగ్రీలు దాటితే లోపల ద్రవమనేదే మిగలదు, ప్రెషర్ ఇంకా ఎక్కుతుంది. మే నెల ఎండలో ఆపిన కారు డిక్కీ ఎంత కాలుతుందో మనకు చెప్పాలా? సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ కారు బయటికి పోయే గొట్టం లాజిమ్. లేకపోతే అది లోపలే నిండి, నడిపేవాడు బేహోష్ అవుతాడు.

ఇవన్నీ చేస్తే ఇంజిన్ సేఫ్. సడక్ సంగతి? మన రాజీవ్ రహదారి మీద ట్రాక్టర్లు, జీనోమ్ వ్యాలీ బస్సులు, రోడ్డు దాటే ముసలివాళ్లు. బ్రేకులు, టైర్లు మాత్రం పాతవే.

2011 సెప్టెంబర్‌లో అజారుద్దీన్ సాబ్ కొడుకు అయాజుద్దీన్, 19 ఏళ్లవాడు, ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదంలో దెబ్బలు తిని కొన్ని రోజులకు పోయాడు. వెంట ఉన్న కజిన్ కూడా దక్కలేదు. అది 1000 సీసీ బైకు. నైట్రస్ ఊసే లేదు. పైసలూ, పెద్ద డాక్టర్లూ ఉన్న ఇంటికే ఆ గమ్ తప్పలేదు.

ఖానూన్ కూడా సాఫ్‌గానే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పును ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు బహానా దొరికినట్టే. భాంజే, ఆ కారు ఆర్‌సీ మీ అమ్మీ పేరున ఉంది, యాద్ ఉందా?

ఆపాను నేను మనాయించను. కానీ కిట్‌కు కావాల్సిన పైసలు నేనిస్తా, ఒక షర్త్ మీద. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని నడపడం సీఖ్‌కో. ఎదురుగా ఎవరి అమ్మీ కొడుకూ రాని చోట ఎంత తేజ్ పోతావో పో. నేనూ వచ్చి చూస్తా.