పావగడ రైతు, మారే తెగువ
రిస్కు తీసుకునే గుణం మనిషిలో స్థిరంగా ఉండదు. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ ప్రతిపాదించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతం ప్రకారం, లాభంలో ఉన్నవాడు జాగ్రత్తపడతాడు, నష్టంలో ఉన్నవాడు తెగిస్తాడు. కర్ణాటకలోని కరువు తాలూకా పావగడలో ఇది కళ్లకు కడుతుంది. వేరుశనగ వేయడమే వానతో పందెం. ఒక బోరు ఎండితే అప్పు తెచ్చి ఇంకోటి వేయడం నష్టంలో పుట్టే ఆ తెగువే. తర్వాత ఆ తాలూకాలోని తిరుమణి ఊరి చుట్టూ సోలార్ పార్కు వచ్చి, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు ఇస్తామంది. అలా పందెం కాసిన ఊళ్లే నికరమైన రాబడిని ఎంచుకున్నాయి. కాబట్టి రైతును ఒక్కసారి అడిగి, అతని తెగువకు ఒకే అంకె వేసే నమూనా తప్పు. కరువేడు, పంట పండిన ఏడు, కౌలు చేతికందిన ఏడు విడివిడిగా అడగాలి. భూమిలేని కూలీలనూ అడగాలి. కౌలు వాళ్లకు రాదు, పొలంపని మాత్రం పోయింది.